కాంటా ఎక్కించి పంపేస్తే సరా?

జగిత్యాల దిక్కు ఒక ఊరి బడి వరండాలో ఆరోగ్య శిబిరం. బెంచీ మీద బీపీ మిషను, షుగర్ మిషను, కింద బరువు కాంటా. యాభై దాటిన బీడీ కార్మికురాలు ఒకామె వచ్చింది. చేతులు సన్నగా ఉన్నాయి, కడుపు ముందుకొచ్చింది. "నాలుగు మెట్లెక్కితే ఆయాసమొస్తుంది సారూ, కాళ్లల్ల సత్తువ లేదు" అంది. కాంటా ఎక్కించారు. "బరువెక్కువున్నవమ్మా, అన్నం తగ్గియ్యి" అన్నారు. గోళీలు చేతిలో పెట్టి తర్వాతి పేరు పిలిచారు. గోడవారన కూలబడ్డ ఆమె లేవడానికి ఒక చెయ్యి నేలకానించి, ఇంకో చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండుసార్లు ఒళ్లు ఊపింది. చూడాల్సింది అదీ! చూసినవాడు లేడు.

ఆమె ఒంట్లో కండ కరుగుతోంది, కొవ్వు పేరుకుంటోంది. రెండూ కలిసిన బరువు ఎంతో చెప్పడమే కాంటాకు చేతనవును. ఈ సంగతి కొత్తదా? పుణె డాక్టర్ యాజ్నిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ 2004లోనే తమ ఒళ్ల లెక్కలు లాన్సెట్ పత్రికలో పెట్టారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తును బట్టి చూసే బరువు లెక్క, ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్నిక్‌కు 21.2 శాతం. ఇరవై ఏళ్లు దాటింది. మన శిబిరాల్లో ఇంకా ఆ కాంటాదే రాజ్యం.

తిన్న అన్నంలోని చక్కెర ఎక్కువగా చేరే గోదాం కండే. అది చిన్నదైతే చక్కెర నెత్తుట్లోనే నిలుస్తుంది, ఇన్సులిన్ ఎంత ఊరినా చాలదు. మిగిలింది కాలేయంలో కొవ్వుగా మారుతుంది, పొట్ట చుట్టూ చేరుతుంది, ఆఖరికి కండ పోగుల మధ్యకూ దూరుతుంది. పొట్టలో కొవ్వు ఊరుకోదు. వాపు పుట్టించే రసాయనాలు వదులుతుంది. అవి ఉన్న కండనూ తింటాయి, రక్తనాళాల లోపలి పొరనూ దెబ్బతీస్తాయి. అవసరమైనప్పుడు సాగాల్సిన నాళం బిరుసెక్కుతుంది, బీపీ పెరుగుతుంది. ఆ బిరుసు నాళాల్లోకి నెత్తురు తోసి తోసి గుండె గోడ మందమవుతుంది. ఆయాసంతో మనిషి నడక మానేస్తుంది, కండ ఇంకా కరుగుతుంది. దీనికి మనం పెట్టిన పేరు "వయసు మీద పడ్డది".

17 దేశాల్లో, మన దేశంలో కూడా, చేతి పట్టు కొలిచి చూశారు. ప్యూర్ అధ్యయనం అది, 2015లో ఫలితాలొచ్చాయి. పట్టు 5 కిలోలు తగ్గితే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ కనబడింది. చావు ముప్పును బీపీ పై అంకె కంటే చేతి పట్టే బాగా చెప్పింది. పట్టు కొలిచే మిషను లేదంటారా, కుర్చీ లేదా? చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనాలి. 12 సెకన్లు, ఆపైన పడితే కండ కరుగుతోందేమోనని అనుమానించాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో రాసిపెట్టారు. ఒక కుర్చీ, ఒక గడియారం. దీనికి కూడా టెండర్ పిలవాలా?

"అన్నం తగ్గియ్యి" అన్న ఆ సలహా చూడండి. ఆమె పొద్దున చాయ్‌తో సరిపెడుతుంది, రాత్రి పస్తుంటుంది. నెల తిరిగేసరికి బరువు తగ్గుతుంది, డాక్టరు మెచ్చుకుంటాడు. పోయినదాంట్లో కండెంతో అడిగేవాడుండడు. కరీంనగర్‌లో జిమ్ముల ఫ్లెక్సీలకు కొదవ లేదు. కొడుకు అక్కడ ప్రోటీన్ డబ్బా కొంటాడు, తల్లి ఇక్కడ పీట మీంచి లేవలేదు. కండ మగపిల్లల షోకు అనుకున్నాం మరి!

బీడీలు చేసే ఆడవాళ్ల బతుకు ఎవరికి పట్టింది? ఒళ్లో చాట, కాళ్లు మడిచి, ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. వెయ్యి బీడీలు అయ్యేదాకా వేళ్లు ఆగవు, తొడలు కదలవు. పైన తంబాకు దుమ్ము. దానికి తోడు గర్భసంచి ఆపరేషన్లు. చిన్న వయసులోనే అవి చేయించేయడంలో మన రెండు తెలుగు రాష్ట్రాలు దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే కండకూ గుండెకూ కాపుగా ఉన్న హార్మోన్ ఒక్కసారిగా పోతుంది. కుట్లు విప్పిన రోజు ఆ మాట ఎంతమందికి చెప్పారు?

ఇక తిండి. ఆదిలాబాద్ జొన్న రొట్టె, కరీంనగర్ గట్క వెనక్కి పోయాయి. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్‌లో సన్నబియ్యం, మనిషికి 6 కిలోలు. మంచిదే, దొడ్డుబియ్యం అమ్ముకునే బాధ తప్పింది. కండకు కావాల్సిన పప్పు ఏది? అలాంటి తిండి అందితే ఏమవుతుందో ఇక్కడే చూశారు. హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో 1987–90 మధ్య ఒక పరీక్ష జరిగింది. కొన్ని ఊళ్లలో గర్భిణులకు, చిన్న పిల్లలకు మక్క, సోయా కలిపిన ఉప్మా పెట్టారు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక చూస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లల కంటే వాళ్ల నాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ పనితీరు మెరుగు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. మన నేల మీద, మన పిల్లల మీద తేలిన నిజం ఇది. దొరలకు చదివే తీరిక లేదు.

30 దాటినవాళ్లకు ఆశా కార్యకర్త నింపే కాగితంలో నడుము కొలత ఉంది, పొగాకు ఉంది, మందు ఉంది. పక్కన ఇంకో గడి గీయండి: ఐదుసార్లు లేవడానికి ఎన్ని సెకన్లు? లేవలేనివాళ్లకు రేషన్ సంచిలో కిలో పప్పు వేయండి, గోడ పట్టుకుని గుంజీలు తీయడం నేర్పండి. గుండెపోటు వచ్చినంక ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కు 300 కిలోమీటర్లు అంబులెన్సు తోలడానికి దొరికే డబ్బు, ఈ కిలో పప్పుకు ఎందుకు దొరకదో ఎవరైనా లెక్క చూపిస్తారా?