ఆఖరి కప్పు ఎవరిది?

టీ పెట్టడం కూడా ఒక కళేనా అని నవ్వే మహానుభావులే, అదే పని చైనావాళ్లు చేస్తే మాత్రం "ఆహా, ఎంత తపస్సు!" అని కళ్లు మూసుకుంటారు. ఆ తపస్సేమిటో కాస్త చూద్దాం రండి.

దక్షిణ చైనాలో, ముఖ్యంగా ఫూజియన్, చావోజౌ ప్రాంతాల్లో, దాన్ని గోంగ్‌ఫూ చా అంటారు. గోంగ్‌ఫూ అంటే ఇక్కడ తన్నులాట కాదు. కాలమూ, ఓపికా పెట్టి సాధించిన నేర్పు. గుప్పిట్లో ఇమిడే కూజాలో దండిగా ఆకు వేసి, వేడినీళ్లు పోసి, కొద్ది సెకన్లలోనే వంచేస్తారు. అదే ఆకు మీద మళ్లీ మళ్లీ నీళ్లు. పాలూ లేవు, పంచదారా లేదు.

నాకు నచ్చింది రుచి కాదు, పద్ధతి. కూజాలోంచి తిన్నగా కప్పుల్లో పోస్తే మొదటిది పల్చగా, చివరిది చిక్కగా వస్తుందని, ముందు మొత్తం మరో పాత్రలోకి వంచి, అందులోంచి అందరికీ సమంగా పోస్తారు. ఆ పాత్రని 'గోంగ్‌దావో బెయ్' అంటారు. అంటే న్యాయపు పాత్ర! పోసే మనిషీ అక్కడే కూర్చుని ఆ టీయే తాగుతుంది. కప్పు నింపినందుకు వేళ్లతో బల్లమీద తట్టి కృతజ్ఞత చెప్పే ఆచారం కూడా ఆ దక్షిణాదిన ఉంది.

ఇక మా సారపాకకి రండి. గోదావరికి అవతల భద్రాద్రి రాముడు, ఇవతల 1979లో మొదలైన పేపరు మిల్లు. మిల్లుకే కాదు, మా పొయ్యిలకీ షిఫ్టులే. తెల్లవారుజామున డ్యూటీకి వెళ్లేవారికొకటి, రాత్రి డ్యూటీ దిగి వచ్చేవారికొకటి, రామదర్శనానికి వచ్చిన చుట్టాలకొకటి! అల్లం దంచడం, పాలు పొంగకుండా కాపలా కాయడం... ఇది మాత్రం గోంగ్‌ఫూ కాదూ? చిక్కటి మొదటి వడపోత ఆయనకి. మిగిలిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి మరిగించినది, పొయ్యిగట్టుకి ఆనుకుని, చల్లారాక తాగేది ఎవరమ్మా? అక్కడ రెండో నీళ్లూ అందరివీ. ఇక్కడ రెండో నీళ్లు ఇల్లాలివి!

"ఇంట్లోవాళ్లకి థాంక్సులేమిటి, పరాయివాళ్లమా?" అంటారు. సరే, మాటొద్దు, రెండు వేళ్లు కదిపితే చాలు. పంచదార తగ్గిందని చెప్పడానికి మాత్రం పరాయితనం అడ్డురాదు కదా!

చైనా ఆడవాళ్లంతా సింహాసనాల మీద కూర్చున్నారని నేననను. అక్కడి టీ దుకాణాల్లో జీతానికి పోసే అమ్మాయిలూ ఉన్నారు. కానీ మన తేయాకులోని 'తే' ఫూజియన్ రేవుల నుంచి వచ్చిన మాట, చాయ్ కూడా చైనావాళ్ల 'చా'యే. ఆకు తెచ్చుకున్నాం, మాటలు రెండూ తెచ్చుకున్నాం. ఈ మర్యాద ఒక్కటే దిగుమతి కాలేదు.

అందుకని చైనా కూజాలు కొని షోకేసులో పెట్టకండి. ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెనే న్యాయపు పాత్ర చెయ్యండి. కాచినదంతా అందులోకి వడపోసి, మీ కప్పు కూడా లెక్కలో వేసుకుని, సమంగా పంచండి. మీరు కూర్చునేదాకా ఎవరికీ కప్పు అందించకండి. ఒక్క వారం చేసి చూడండి. ఇల్లేం కూలిపోదు!