మీట నొక్కు చేయి

మీట నొక్కినంతనే ఇంట వెలుగు వచ్చును. అది యెచ్చటనుండి వచ్చెనో, ఎవరి పొలమును, ఎవరి నీటిని హరించి వచ్చెనో విచారించువారు మన పట్టణములయందు బహు స్వల్పము. ఈ విచారణము శ్రీకాకుళ విజయనగర పౌరుల కితరులకంటె నెక్కువగా విధి. ఏలయన, బొగ్గువిద్యుత్తు వెల యెంతయో ఈ తీరము నెత్తుటితో నెరిగినది.

సోంపేట బీల చిత్తడినేల. దాని నీటిని నమ్మి వరిచేలును, పశువులును, చేపలుపట్టువారును బ్రతుకుచున్నారు. అచ్చట బొగ్గువిద్యుత్కేంద్రము తలపెట్టగా రైతులును మత్స్యకారులును అడ్డునిలిచిరి. 2010 జూలై 14వ తేదీన పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయెను. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆ కేంద్రపు టనుమతిని రద్దుచేసెను. ఎనిమిది మాసములైనను నిండకమునుపే, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి యొద్ద మరల తుపాకులు మ్రోగెను. మరల ప్రాణములు పోయెను. ఆ వార్తలు చదివి మనము కంటనీరు పెట్టితిమి. ఆ రాత్రియు మన ఇండ్లలో జనములేని గదులయందు పంకాలు తిరుగుచునే యుండెను.

“కర్మాగారములు మ్రింగుదాని ముందర మా ఇంటి దీపమెంత?” యని కొంద రందురు. ఈ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. కర్మాగారములను, ఏలికలను నిలదీయుట మానుడని మేము చెప్పము. కాని ఇతరుల దోషము మన దోషమునకు చాటు కాజాలదు. 2014లో ఇంటింటికి రెండేసి ఎల్ఈడీ దీపములు పదేసి రూపాయలకు పంచుటకు మొదట నెన్నుకొన్న జిల్లాలలో శ్రీకాకుళ మొకటి. 60 వాట్ల పాతబల్బు ఐదు గంటలలో 300 వాట్‌గంటలు తినును. 7 వాట్ల క్రొత్తదీపమునకు 35 చాలును. ఎవరును చీకటిలో కూర్చుండలేదు. అయినను బల్బును మార్చితిమే కాని బుద్ధిని మార్చుకొనలేదు. చవుక యయ్యెనని వసారాలో తెల్లవారులు వెలిగించుచున్నాము!

మరియొక సంగతి గమనింపవలెను. విద్యుత్కేంద్రము లెన్ని కట్టవలెనో తేల్చునది దినమంతటి సగటు మాత్రమే కాదు. అందరును ఒక్కమారు మీట నొక్కు ఘడియ. పగటివేళ సూర్యరశ్మి విద్యుత్తు నిచ్చును. ప్రొద్దు క్రుంకగనే భారము బొగ్గుపై బడును. కావున నీటిమోటారును, బట్టలుతుకు యంత్రమును, ఇస్త్రీపెట్టెను పగలే నడుపుడు. సాయంకాలము ఆరు మొదలు పదివరకు వానికి విశ్రాంతి నిండు. ఏసీని 18లో నుంచి దుప్పటి కప్పుకొనుట వైభవము కాదు, అవివేకము. దానిని 24లో నుంచుడు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది సుమారు నూటికి ఆరువంతుల విద్యుత్తు మిగులును. 75 వాట్ల పాతపంకా పాడైనపుడు, 30 వాట్ల చేరువలో నడచు బీఎల్‌డీసీ పంకాను కొనుడు.

ఒక్క దీపము, ఒక్క పంకాతో కాలము గడుపు కూలివానికిని, కొండగూడెములవారికిని మే మీ బోధ చేయుట లేదు. వారికి విద్యుత్తింకను కావలెను. గదికొక యంత్రము పెట్టుకొని, బిల్లు చెల్లించితిమి గదా యని మీసము దువ్వు మనబోంట్లకే ఈ మాట. బిల్లు సొమ్ముతో తీరును. బీల సొమ్ముతో తిరిగిరాదు.

సోంపేట రైతు తన నేలను ప్రాణమొడ్డి కాపాడుకొనెను. మనల నెవరును ప్రాణ మడుగుట లేదు. చేయి చాచి మీట నాపుమనుచున్నారు. అంతమాత్రము చేయజాలనివాడు ఆ రైతును గూర్చి సభలలో పలుకుటకు సిగ్గుపడవలెను. చదువరులారా! ఈ పత్రికను మడచి పఠనమందిరమునుండి లేచునపుడు, కడపట లేచువారు పంకా నాపి పొండు.