స్కాన్ బాగుంది, పిల్లాడు కోలుకున్నాడా?

హైదరాబాద్ శివారులోని దమ్మాయిగూడ లాంటి కాలనీల్లో పిల్లల తలకు దెబ్బ తగలడానికి పెద్ద ప్రమాదమే జరగక్కర్లేదు. పతంగి వెనక పరుగు, పిట్టగోడ లేని డాబా, హెల్మెట్ లేకుండా బండి మీద ఈసీఐఎల్ దాకా ప్రయాణం చాలు. వెంటనే సీటీ స్కాన్ తీయిస్తాం. ఏమీ లేదంటే మర్నాడే బడికి పంపేస్తాం, లేదంటే భయపడి వారాల తరబడి మంచం దిగనివ్వం. రెండూ పొరపాట్లే. స్కాన్ చూపేది రక్తస్రావాన్ని, ఎముక పగులును. కుదుపుకు మెదడు పనితీరు కొన్నాళ్లు తడబడటాన్ని వైద్యులు కంకషన్ అంటారు. అది స్కాన్‌కు చిక్కదు. అలాగని స్కాన్ అనవసరమనీ కాదు. పదేపదే వాంతులు, ఫిట్స్, పెరిగే తలనొప్పి, లేపినా లేవని మగత ఉంటే క్షణం ఆగకూడదు. కానీ 42 వేలమందికి పైగా పిల్లలను పరిశీలించి 2009లో లాన్సెట్ ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, స్వల్ప గాయంతో వచ్చినవారిలో ప్రమాదకరమైన మెదడు గాయం తేలింది నూటికి ఒకరికన్నా తక్కువమందికే. లేత మెదడుకు రేడియేషన్ ఊరికే తగలనివ్వలేం కదా.

అసలు ప్రశ్న ఆ తర్వాతిది. కెనడాలో కంకషన్‌తో ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల్లో 31 శాతం మందిని నాలుగు వారాల తర్వాత కూడా తలనొప్పి, అలసట, ఏకాగ్రత లోపం లాంటి లక్షణాలు వదల్లేదని 2016లో తేలింది. మరి పూర్తి విశ్రాంతే మందా? కాదు. అదే కెనడా పిల్లల్లో, మొదటి వారంలోనే కాస్త నడక, ఆట మొదలుపెట్టినవారిలో అలా బాధపడ్డవారు దాదాపు 25 శాతం. కదలకుండా ఉన్నవారిలో 43 శాతం పైనే. తేలిగ్గా తగిలినవారే ముందు లేచి తిరిగి ఉంటారన్న సందేహం న్యాయమైనదే. సమాన తీవ్రత ఉన్నవారిని పోల్చినప్పుడు తేడా తగ్గింది గానీ పోలేదు. 2015లో మరో చిన్న పరిశోధనలో, ఎవరు ఎన్నాళ్లు విశ్రమించాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఐదు రోజులు కచ్చితంగా విశ్రమించినవారే ఎక్కువ లక్షణాలు చెప్పారు. అందుకే ఇప్పుడు వైద్యులు ఒకటి రెండు రోజుల విశ్రాంతి చాలంటున్నారు. ఆపైన బాధ పెరగని మేరకు రోజువారీ పనుల్లోకి మెల్లగా రమ్మంటున్నారు.

పరీక్షల ముందు ఈ నెమ్మది కుదరదని తల్లిదండ్రులు అనవచ్చు. అయితే బడి మానేయమని ఎవరూ అనడం లేదు. కొన్నాళ్లు ఒంటిపూట బడి, మధ్యలో విరామం, తక్కువ హోంవర్కు ఇస్తే చాలు. క్రికెట్, కబడ్డీ మాత్రం వైద్యుడు సరేననేదాకా ఆగాలి. కోలుకోకముందే తగిలే రెండో దెబ్బ నష్టాన్ని పెంచుతుంది. డిశ్చార్జి చీటీలో ‘స్కాన్ నార్మల్’ పక్కనే టీచరుకు అర్థమయ్యేలా ఇవన్నీ రాసి ఉండాలి, నాలుగు వారాలకు మళ్లీ చూపించాల్సిన తేదీతో సహా.