వృత్తివిద్య – బోధకుని చేయి

1910వ సంవత్సరమున బందరులో కోపల్లె హనుమంతరావుగారు మొదలగు పెద్దలు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాల చదువుతోపాటు చేతిపనికిని పీట వేసినది. 1950లో దేశమున వృత్తిశిక్షణ పథకమును, 1961లో అప్రెంటిసుల చట్టమును వెలసినవి. అయినను సంస్థలు పెరిగినంతమాత్రమున పనితనము పెరుగునా?

ఆకురాయి పట్టుట నల్లబల్లపై వ్రాసి నేర్పదగినది కాదు. బోధకుడు ముందు తాను చేసి చూపవలెను. పిదప పనిని అంచెలుగా విడదీసి శిష్యునిచేత చేయింపవలెను. తప్పు పుట్టినచోటనే దిద్దవలెను. పరీక్ష వల్లించిన పాఠమునకు గాక, చేసిన వస్తువునకు, కొలతబద్దతో జరుగవలెను. ప్రతి శిష్యునికిని పనిముట్టు అందవలెను.

ఇందులకు బోధకుడు కర్మశాలలో చేయి తిరిగినవాడై యుండవలెను. అప్పుడప్పుడు మరల అచటికేగి క్రొత్తయంత్రముల నెరుగుచుండవలెను. భవనములపై వెచ్చించు ధనమున కొంతయైనను బోధకుల శిక్షణకు మరలింపనిచో దేశమునకు పట్టాలు మిగులునుగాని పనివారు మిగులరు.