తల లేదన్నది ఎవరు?

అరణ్యకాండలో కబంధుడికి తల లేదు, పొట్టలోనే నోరు. రామలక్ష్మణులు చేతులు నరికి దహనం చేశాక అసలు రూపంతో లేచి, సుగ్రీవుడితో స్నేహం చెయ్యమని రాముడికి దారి చెప్పింది అతడే. మన కథ తల లేనివాడికి ఒక గతాన్ని ఇచ్చింది, అతడి మాట విన్నది. గ్రీకు, లాటిన్ గ్రంథాల్లోని తలలేనివాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. రొమ్ములో కళ్లున్న మనుషుల గురించి లిబియావాళ్లు చెప్పిన మాటగా గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సుమారు ఐదు వందల ఏళ్ల తర్వాత రోమన్ రచయిత ప్లినీ ఆ వింతరూపాన్ని బ్లెమ్మీలకు అంటగట్టాడు. బ్లెమ్మీలు నిజంగా ఉన్న తెగ. ఈజిప్టుకు దక్షిణాన, నైలు నదికీ ఎర్రసముద్రానికీ మధ్య ఎడారిలో తిరిగినవాళ్లు, రోమన్లతో తరాల తరబడి పోరాడినవాళ్లు.

7వ శతాబ్దపు సెవిల్ బిషప్ ఇసిడోర్ తన విజ్ఞాన సర్వస్వం 11వ భాగంలో ఈ బ్లెమ్మీలను వర్ణించాడు. 8వ భాగంలో ఇంకో తలలేని గుంపు ఉంది. అది వింతజాతి కాదు, అకెఫలీలనే క్రైస్తవ శాఖ. ఆ గ్రీకు మాటకు తల లేనివాళ్లని అర్థం. మూలపురుషుడెవరో తెలియదు కనుక వాళ్లకా పేరు వచ్చిందన్నాడు.

జరిగింది వేరు. క్రీస్తులో దైవ, మానవ స్వభావాలు రెండూ ఉన్నాయన్న 451 నాటి కాల్సిడోన్ మహాసభ తీర్మానాన్ని ఈజిప్టులో చాలామంది ఒప్పుకోలేదు. 482లో తూర్పు రోమన్ చక్రవర్తి జెనో ఇరుపక్షాలనూ కలపడానికి హెనోటికాన్ అనే శాసనం పంపాడు. కాల్సిడోన్ తప్పని అందులో సూటిగా లేదు. ఈజిప్టు క్రైస్తవ సంఘానికి పెద్ద, అలెగ్జాండ్రియా పాట్రియార్కు పీటర్ మోంగస్ దానికి తలూపగానే, మఠాల్లోని పట్టుదల గలవాళ్లు ఆయన్ను వదిలేశారు. వాళ్లే అకెఫలీలు. పాట్రియార్కు లేని సంఘంలో కొత్త బిషప్పుకు అభిషేకం చేసేదెవరు? అయినా విడిపోయారు. 444లో కన్నుమూసిన పాత పాట్రియార్కు సిరిల్ బోధనే పట్టుకున్నారు. రాజీపడిన పెద్దను కాదనుకున్నవాళ్లను మూలం తెలియనివాళ్లుగా జమకట్టడం అన్యాయం.

బ్లెమ్మీల మాట కూడా ఇన్ని శతాబ్దాలకు బయటపడింది. నూబియాలోని ఖస్ర్ ఇబ్రీం తవ్వకాల్లో 5వ శతాబ్దపు పపైరస్ ఉత్తరం దొరికింది. బ్లెమ్మీల రాజు ఫోనెన్ పొరుగు రాజు అబూర్నికి గ్రీకులో రాయించినది. తమ నేల తమకు వదిలెయ్యమని అడుగుతున్నాడు. తలలేదన్న జాతికి రాజున్నాడు, రాయబారముంది, పోగొట్టుకున్న నేల మీద బెంగ ఉంది.

మా పత్రికకు చరిత్ర వ్యాసాలు పంపే మిత్రులకు ఒక విన్నపం. ఏ తెగ గురించి, ఏ శాఖ గురించి రాసినా, వాళ్లు స్వయంగా రాసుకున్నది ఒక్క కాగితమైనా దొరుకుతుందేమో ముందు వెతకండి.