నల్ల పక్కు ఉందేమో చూశారా?

కొల్లేటి పల్లెల్లో ఎవరికైనా జ్వరమొస్తే ముందుగా తిట్లు తినేది దోమ. ఆ తర్వాత నీళ్లు. మా మేనత్త విషయంలోనూ అదే జరిగింది. కైకలూరు దగ్గర వాళ్లకు చేపల చెరువు ఉంది. గట్టు మీద గేదెలకు గడ్డి కోసుకొచ్చిన పదిరోజులకు ఆమెకు జ్వరం పట్టుకుంది. మలేరియా కాదన్నారు. డెంగీ కాదన్నారు. టైఫాయిడ్ అనుకుని వారంపాటు ఇంజెక్షన్లు చేశారు. జ్వరం తగ్గలేదు సరికదా, ఆయాసం మొదలైంది.

ఏలూరు తీసుకెళితే అక్కడి డాక్టరమ్మ 'ఒంటిమీద ఎక్కడైనా నల్లమచ్చ ఉందేమో చూశారా?' అని అడిగింది. 'ఈ వయసులో మచ్చలకేం తక్కువండీ' అంది అత్త. వెతికితే నడుం దగ్గర, లంగా బొందు బిగించేచోట, సిగరెట్టుతో చురకంటించినట్టు ఓ చిన్న పక్కు! నొప్పీ దురదా లేవు కాబట్టి ఆమె గమనించనే లేదు. జ్వరం పేరు స్క్రబ్ టైఫస్.

పేరు వినగానే టైఫాయిడ్‌కు చుట్టమనుకోకండి. అది నీళ్లతో, తిండితో వచ్చేది. ఇది నల్లితో వస్తుంది. మంచాల్లో ఉండే నల్లి కాదు, గడ్డిలో, పొదల్లో ఉండేది. తొలకరికి ఎర్రటి మఖమల్ ముక్కలా పాకే ఆరుద్ర పురుగు తెలుసుగా, దానికి దూరపు బంధువు. పెద్ద నల్లి మన జోలికి రాదు. కుట్టేదల్లా కంటికి ఆనని దాని పిల్ల. అది ఎలుకనో పందికొక్కునో పట్టుకుని కడుపు నింపుకోవాలని చూస్తుంది. మనిషి కాలు తగిలితే మనిషినే పట్టుకుంటుంది. జ్వరం తెచ్చే క్రిమి తల్లి నల్లి నుంచి గుడ్లకూ చేరుతుంది. ఎలుకలూ గడ్డీ ఉన్న చెరువుగట్లు వాటికి పుట్టిల్లే.

ఈ కోవ క్రిములకు రికెట్సియా అన్న పేరు అమెరికా శాస్త్రవేత్త హోవర్డ్ రికెట్స్ మీదుగా వచ్చింది. టైఫస్‌ను శోధిస్తూ ఆయన 1910లో మెక్సికోలో ఆ జ్వరంతోనే కన్నుమూశాడు. స్క్రబ్ టైఫస్ క్రిమిని 1995లో వేరుచేసి ఓరియెన్షియా అన్నారు. కుక్కల్ని పట్టే పిడుదుల వల్ల వచ్చే మచ్చల జ్వరం మాత్రం ఇంకా రికెట్సియా ఖాతాలోనే ఉంది.

ఈ క్రిమి మన కణాల్లోపల దాక్కుంటుంది. అందుకే అత్తకు టైఫాయిడ్ కోసం చేసిన ఇంజెక్షన్లు పనిచేయలేదు. డాక్సీసైక్లిన్ వేసిన రెండో రోజుకే జ్వరం దిగింది. ఖరీదైన మందేం కాదు. గర్భిణులకైతే అజిత్రోమైసిన్ ఇస్తారు. జబ్బు ముదిరినవాళ్లకు ఈ రెండూ కలిపి నరానికి ఎక్కిస్తే మేలని, మన దేశంలో దాదాపు 800 మంది మీద జరిపిన పరీక్షలో 2023లో తేలింది. అన్నట్టు, డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ బయటపడింది లెడర్లీ ప్రయోగశాలల్లో. అప్పుడు అక్కడి పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే!

2025 చివర్లో రాష్ట్రంలో పలు జిల్లాల్లో ఈ కేసులు బయటపడినప్పుడు, పక్కనుంటే అంటుకుంటుందేమోనని చాలామంది హడలిపోయారు. మనిషి నుంచి మనిషికి రాదు. భయపడాల్సింది ఆలస్యానికి. మందు పడకపోతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దాకా దెబ్బతినొచ్చు. వానలు వెనకబట్టాక జ్వరం వారం దాటిందంటే చంకలు, గజ్జలు, నడుం, రొమ్ముల కింద ఓసారి చూడండి. పక్కు అందరికీ కనిపించదు. అందుకని గడ్డిలో, పొలంలో తిరిగిన సంగతి డాక్టరుకు చెప్పండి. రక్తపరీక్ష ఉంది.

అత్త ఇప్పటికీ గడ్డి కోస్తోంది. ఇంటికి రాగానే ఒళ్లు రుద్దుకుని స్నానం చేస్తుంది, బట్టలు గట్టు మీద ఆరేయడం మానేసింది. బూట్లు కొనిచ్చాం. అవి మాత్రం ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి.