టక్‌... టక్‌... ఏమిటా చప్పుడు?

హెడ్డు దించి, వాల్వులు గ్రైండింగ్‌ చేయించి, మళ్లీ బిగించి... షెడ్డులోంచి లారీని బయటికి తెచ్చిన సంతోషం ఒక్కోసారి పది కిలోమీటర్లు కూడా నిలవదు. ఇంజిన్‌ పైభాగంలో టక్‌... టక్‌... టక్‌! సొంత బండి నడుపుకొనే డ్రైవరుకి గుండెల్లో రాయి పడుతుంది. నెల కిస్తీ గుర్తొస్తుంది. 'రెండ్రోజులు తిరిగితే అదే సర్దుకుంటుందిలే' అంటాడు మేస్త్రీ.

సర్దుకోదు! విజయవాడ ఆటోనగర్‌లోనైనా, మరెక్కడైనా చేయి తిరిగిన మేస్త్రీ ముందు బండి ఆపిస్తాడు. ట్యాపెట్‌ కవరు విప్పుతాడు.

మొదట చూడాల్సింది ఆయిల్‌. గ్యాస్కెట్‌ సరైంది కాకపోయినా, దారిలో చెత్త అడ్డుపడినా రాకర్ల దాకా ఆయిల్‌ రాదు. తర్వాత పుష్‌రాడ్లు. గాజుపలక మీద దొర్లిస్తే వంకర ఇట్టే తెలిసిపోతుంది. వంగిందని కొత్తది వేసి చేతులు దులుపుకోకూడదు. టైమింగ్‌ మార్కులు తప్పి, వాల్వు వెళ్లి పిస్టన్‌కి తగిలిందేమో చూడాలి.

అన్నీ బాగుంటే అప్పుడు ట్యాపెట్‌ సెట్టింగ్‌. 1-5-3-6-2-4 వరుసలో మండే ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటికి ఆరు, రెండుకి అయిదు, మూడుకి నాలుగు జోడీ. ఆరో సిలిండర్‌ వాల్వుల్లో ఒకటి మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఉన్నప్పుడు ఒకటో సిలిండర్‌ సెట్‌ చేయాలి. గ్యాప్‌ ఎంతన్నది కంపెనీ పుస్తకమే చెప్పాలి. ఇంజిన్‌ చల్లగా ఉండాలా, వేడిగానా అన్నదీ అందులోనే ఉంటుంది. అంచనా పనికిరాదు.

చప్పుడు పోవాలని గ్యాప్‌ బిగించేస్తే? అక్కడే అసలు ప్రమాదం! వాల్వు పూర్తిగా మూసుకోదు. సీటుకి ఆనితేనే కదా దాని వేడి దిగేది! ఆనకపోతే ఎగ్జాస్ట్‌ వాల్వు మాడిపోతుంది. కంప్రెషన్‌ పోతుంది. చప్పుడు చేసే వాల్వు ముందే హెచ్చరిస్తుంది... బిగుసుకున్న వాల్వు ఘాట్‌రోడ్డు మీద, నిండు లోడుతో ఉన్నప్పుడు చేయిస్తుంది.

ఇంకొక్క మాట. హెడ్డు బోల్టులు మళ్లీ బిగించమని పుస్తకంలో ఉంటే, ఆ పనయ్యాక గ్యాప్‌ ఇంకోసారి చూడాలి. గ్యాస్కెట్‌ అణిగితే గ్యాప్‌ తగ్గుతుంది. సెట్‌ చేసిన కొద్దీ ఒకే చోట గ్యాప్‌ పెరుగుతోందా? అక్కడ క్యామ్‌షాఫ్టో, ట్యాపెట్టో అరిగిపోతోందని అనుమానించాలి.

నిమిషానికి 2000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ఒక్కో వాల్వు వెయ్యిసార్లు తెరుచుకుంటుంది. ఒకసారి తప్పు సెట్‌ చేస్తే నిమిషానికి వెయ్యి తప్పులన్నమాట! అందుకే, మేస్త్రీ ఫీలర్‌ గేజీ తీసేదాకా షెడ్డు వదలకండి.